అత్తగారి గొంతుకు కాపలా

మా ఇంటికి కంప్యూటర్ ఎందుకు వచ్చిందో ఇప్పుడు ఎవరికీ సరిగ్గా గుర్తు లేదు. నా బడి పని కోసమని మా ఆయన అంటారు. ఆయన ఆఫీసు పని కోసమని నేనంటాను. ఏదైతేనేం, కన్నడ రాష్ట్రపు అంచున ఉన్న చింతామణిలోని మా ఇంటి హాల్లో ఒక మూల, పాత చీర ముక్క కప్పుకొని చాలా కాలం అది ఖాళీగానే కూర్చుంది. మా అత్తగారి గొంతు పోయాకే దానికి విలువ వచ్చింది.

అత్తగారి పుట్టిల్లు బాగేపల్లి తాలూకాలో, మిట్టేమరి పక్కన ఒక పల్లె. వాళ్ళ నాన్న గుడిలో అర్చకుడు. నాన్న దగ్గర మంత్రాలు మగపిల్లలు నేర్చుకుంటే, అమ్మ దగ్గర పెండ్లి పాటలు ఈమె నేర్చుకుంది. నలుగు పెట్టే పాట, బంతులాట పాట, అప్పగింతల పాట, అన్నీ ఆమెకు నోటికి వచ్చు. చుట్టాల్లో పెండ్లి కుదిరిందంటే ముందు ఆమెకు కబురు వచ్చేది, ఆ తర్వాతే వంటవాళ్ళకు.

అలాంటి మనిషికి గొంతులో గడ్డ లేచింది. బెంగళూరులో ఆపరేషన్ అన్నారు. ప్రాణానికి భయం లేదు గానీ గొంతు మునుపటిలా వస్తుందని చెప్పలేమన్నారు. బయలుదేరే ముందు మా ఆయన ఆమెను వంటింట్లో కూర్చోబెట్టి, గుర్తున్న పాటలన్నీ పాడించి, తన ఫోన్లో పట్టుకున్నారు. తిరిగొచ్చాక కంప్యూటర్లోకి ఎక్కించారు. ఆ ఫోను ఒకరోజు నీళ్ళ డ్రమ్ములో పడి చచ్చింది. ఆపరేషన్ బాగానే జరిగింది. గొంతు మాత్రం రాలేదు. ఇప్పుడు ఆమె మాటంటే ఒట్టి గాలి. పక్కన కూర్చొని చెవి పెడితే గాని అందదు.

అంటే మా అత్తగారి గొంతు ఈ లోకంలో ఆ మూలనున్న డబ్బాలో తప్ప ఇంకెక్కడా లేదు.

మా ఆయన చిక్కబళ్ళాపురంలో ఒక ఆఫీసులో గుమాస్తా. రోజూ బస్సులో పోయి వస్తారు. ఆ ఆఫీసులో ఎవరిదో ఇంటి కంప్యూటర్లోకి వైరస్ దూరి, పెండ్లి ఫోటోలన్నీ చదవరాని గీతలుగా మార్చేసిందట. ఆ కబురు విని వచ్చిన సాయంత్రం ఆయన కాఫీ కూడా తాగలేదు. చెప్పులు విప్పుతూనే, "మనింట్లో యాంటీవైరస్ యాడుండాది?" అన్నారు. యాడా లేదన్నాను.

ఇక మొదలైంది ఎంపిక. నన్ను చేసుకునేటప్పుడు మా ఇంటికి ఒక్కసారి వచ్చి, ఉప్మా తిని సరేనన్న మనిషి, ఈ యాంటీవైరస్ కోసం నెల దాటి వెతికారు. ఇంటర్నెట్లో దొరికిన ప్రతి పట్టికా చదివారు. ప్రతి పట్టికలోనూ ఆ పట్టిక రాయించినవాళ్ళ సరుకే మొదట ఉందని కనిపెట్టడానికి ఆయనకు చాలా రోజులు పట్టింది. కడపటికి బస్టాండు దగ్గరి కంప్యూటర్ అంగడాయన్ను అడిగితే, ఆయన రెండు డబ్బాలు ముందు పెట్టి, "రెండూ బాగుండాయప్పా. మీకేది కావాలో మీరే చెప్పల్ల," అన్నాడట. తెలిస్తే నిన్నెందుకు అడుగుతానని మా ఆయన రెండూ తెచ్చేశారు.

రెండూ ఒకే కంప్యూటర్లో పెట్టారు. ఒకే వంటింట్లో ఇద్దరు తోడికోడళ్ళను పెట్టినట్టైంది. మొదటిది రెండోదాన్ని దొంగ అంది. రెండోది మొదటిదాన్ని దొంగ అంది. ఇద్దరూ కలిసి కంప్యూటర్‌ను కదలనివ్వలేదు. వైరస్ వచ్చినా అంత చెరుపు చేసేది కాదేమో. చివరికి ఒకదాన్ని తీసేసి, ఒకదాన్ని ఉంచారు. అదైనా ఊరుకుందా? గంటకొకసారి టింగుమని మోగి, మీరు పెద్ద ప్రమాదంలో ఉన్నారు, ఇంకా మంచి కాపలా కొనుక్కోండి అని చెప్పేది. అది మోగినప్పుడల్లా అత్తగారు ఉలిక్కిపడి గేటు వైపు చూసేవారు.

ఆమెకు అర్థం కావాలని మా ఆయన దాని భాషను కన్నడానికి మార్చారు. మా ఇళ్ళల్లో మాట్లాడేది తెలుగు, చదివింది కన్నడం. అత్తగారికి తెలుగు అక్షరాలు రావు. పాటలన్నీ తెలుగు, చదువంతా కన్నడం. ఇది మా వైపు అందరి సంగతీ కాబట్టి ఎవరికీ వింతగా ఉండదు.

అంతటితో ఆయనకు నిద్ర పట్టిందా అంటే, లేదు. పాటలకు వేరే తాళం కూడా ఉండాలని, ఎక్కడో ఉచితంగా దొరికిన ఇంకో సాఫ్ట్‌వేర్ తెచ్చి, పాటలన్నిటినీ ఒక్క మూటగా కట్టించారు. మూట విప్పితే గాని ఏదీ పాడదు. మరి పెన్‌డ్రైవులో ఇంకో కాపీ పెట్టుకోకూడదా అని నేనడిగాను. "కాపీలు ఎక్కువైతే దొంగలకు దావలు ఎక్కువయితాయి," అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఆయన ముఖం చూశాక జవాబు చెప్పబుద్ధి కాలేదు. పాపం, ఆ మనిషి కాపలా కాస్తున్నది వాళ్ళమ్మ గొంతుకు.

ఇంత జరిగినా ఆ పాటలు ఒక్కసారీ పెట్టి వినలేదు మేము. ఆమె ముందు పెడితే బాధపడుతుందని భయం. ఆమె లేనప్పుడు పెడదామంటే, ఆమె ఇల్లు విడిచి ఎక్కడికి పోతుంది?

ఒక మధ్యాహ్నం బడికి సెలవు. పిల్లల మార్కులు ఎక్కిద్దామని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. అత్తగారు పక్కన కుర్చీలో చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. టింగుమంది. ఈసారి మామూలు బెదిరింపు కాదు. ఎర్ర గీతల మధ్య కన్నడంలో ఒక ప్రశ్న. అనుమానం కలిగించే కడత ఒకటి దొరికింది, దాన్ని 'తెగెయబేకే?', అంటే తీయాలా, అని. కడత అంటే మా ఆఫీసుల భాషలో ఫైలు. కింద రెండు బొత్తాలు. ఒకటి 'హౌదు', అంటే అవును. ఇంకొకటి 'బేడ', అంటే వద్దు. అనుమానం వచ్చింది దేనిమీదో కాదు, మా ఆయన కట్టిన పాటల మూట మీదే. అంత గట్టిగా ముడేసిన మూటలో దొంగసొత్తు తప్ప ఇంకేముంటుందని ఆ కాపలాదారు అనుకుంది.

నా చెయ్యి మౌసు మీదే ఆగిపోయింది. ఎందుకంటే కన్నడంలో తలుపు తెగెయమన్నా, మురికి తెగెయమన్నా ఒకటే మాట. పోనీ తెలుగులో చెప్పుకుందామంటే మనమూ అంతే. తలుపూ తీస్తాం, బూజూ తీస్తాం. ఆ ప్రశ్న పాటలను తెరవాలా అంటోందో, తుడిచేయాలా అంటోందో నాకు వచ్చిన రెండు భాషల్లోనూ తేలలేదు.

సాయం కోసం ఇచ్చిన నంబరుకు ఫోన్ చేశాను. అవతల ఎవరో చాలా మర్యాదగా కన్నడంలో, "హౌదు ఒత్తి మేడం, అదే తెగెయుత్తె," అన్నాడు. అవును నొక్కండి, అదే తీస్తుందట. తీయడమంటే ఏ తీయడమయ్యా అని అడిగాను. మళ్ళీ అంతే మర్యాదగా, తెగెయడమంటే తెగెయడమే మేడం అన్నాడు.

మా ఆయనకు చేశాను. "ముట్టుకోవద్దు! నేనొచ్చేదాకా ఏమీ ముట్టుకోవద్దు!" అని అరిచి, ఆఫీసులో సెలవు చెప్పి దొరికిన బస్సెక్కి వచ్చేశారు. చెమటలు కక్కుతూ కూర్చొని 'బేడ' నొక్కారు. ప్రశ్న పోయింది. హమ్మయ్య అనుకునేలోపల మళ్ళీ వచ్చింది. మళ్ళీ 'బేడ' నొక్కారు. మళ్ళీ వచ్చింది. జవాబు తేలేదాకా మూటను ముట్టుకోనివ్వనని అది పట్టుబట్టింది.

"ఇట్లే నొక్కతా ఉందాం. ఏమైతాది ఇప్పుడు? పాటలైతే లోపల భద్రంగా ఉండాయి గదా," అన్నారు మా ఆయన. వేళాకోళం కాదు, నిజంగానే అన్నారు.

అత్తగారు చిక్కుళ్ళ చేట పక్కన పెట్టి లేచారు. తెర దగ్గరికి వచ్చి, ఆ కన్నడం ప్రశ్నను వేలు పెట్టి చదివారు. కొడుకు చెవి దగ్గర వంగి, "దీన్లో ఏముండాదిరా?" అన్నారు.

"నీ పాటలేమ్మా."

"మరి హౌదు నొక్కు."

"తుడిచిపెట్టుకోని పోతే? ఇంగ యాడ తెచ్చేది?"

ఆమె కొడుకు చేతిమీద తన చెయ్యి పెట్టి, 'హౌదు' మీద తనే నొక్కేసింది. నేను కళ్ళు మూసుకున్నాను.

తెరుచుకుంది.

మా ఆయన తను వేసిన ముడి కూడా విప్పి, పైనున్న పాట పెట్టారు. ముందు కుక్కరు కూత వినపడింది. ఆ వెనకనే ఆమె గొంతు, నిండుగా, హాలంతా పరుచుకుంది. అది వియ్యపురాలిని ఆటపట్టించే పాట. మా పెండ్లి పందిట్లో అత్తగారు మా అమ్మ మీద కట్టి పాడిన పాట. మా వియ్యపురాలు చేసిన లడ్డూ కొరికితే మా బావగారి పన్ను ఊడింది, గోడకేసి కొడితే గోడ బీటలిచ్చింది అని. ఆ రోజు పందిట్లో అందరూ నవ్వుతుంటే నేను తలంబ్రాల బియ్యం పిడికిట్లో నలుపుకుంటూ కూర్చున్నాను. చాలా ఏళ్ళు ఆ పాట మీద నాకు కోపం పోలేదు. ఆ కాపలాదారు దీన్ని అనుమానించడంలో న్యాయం ఉందని కూడా ఒక క్షణం అనిపించింది. కానీ ఆ గొంతు వింటుంటే కళ్ళల్లో నీళ్ళు ఆగలేదు. ఇంకో పది లడ్డూలు కొట్టినా వినాలనిపించింది. పాట మధ్యలో ఆనాటి వంటింట్లోంచి నా గొంతే వినపడింది. "అత్తా, పాలు పొంగతాండాయి!" "పొంగనీవే, చరణం కానీ," అని ఆమె పాడుకుంటూ పోయింది.

పాట అయిపోయింది. అత్తగారి భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారనుకుని దగ్గరికి పోయాను. నవ్వుతున్నారు, చప్పుడు లేకుండా. నవ్వి నవ్వి కొంగుతో కళ్ళు తుడుచుకొని, మా ఇద్దరినీ దగ్గరికి రమ్మని చెయ్యి ఊపారు.

"ఇన్నాళ్ళూ దొంగల్నించి దాచినారా దీన్ని?"

మా ఆయన తలూపారు.

"దొంగోడు ఎత్తుకోని పోయింటే," అంది ఆ గాలి మాట, "వాడన్నా పాడుకుంటా ఉండును గదరా."

మా ఆయన తెర వైపు చూశారు. నేను ఆమె కుర్చీ పక్కన నేల మీద కూర్చొని, మా అమ్మ లడ్డూల పాట పల్లవి ఎత్తుకున్నాను. మొదటి ముక్క దాటకముందే ఆమె నా మోకాలి మీద చరిచింది. తప్పట. మళ్ళీ మొదటినుంచి పాడమంది.