ఎవరూ ఎక్కని ఆటోలో మామిడి కొత్తలకు

ఈ ప్రయాణం ఒక ప్రశ్నతో మొదలైంది. నేను ఖమ్మంలో ఒక కోచింగ్ సెంటర్‌లో పోటీ పరీక్షలకు చరిత్ర చెబుతాను. అమెరికా చరిత్రలో మలుపులన్నీ నాకు నోటికొచ్చు. రేవులో టీ పెట్టెలు సముద్రం పాలవడం, స్వాతంత్ర్య ప్రకటన, అంతర్యుద్ధం, బానిసత్వం రద్దు, ఆడవాళ్ళకు ఓటు, నల్లజాతివాళ్ళు బస్సులు మానేసిన ఉద్యమం. ఒక్కోదానికి ఒక సంవత్సరం, రెండు కారణాలు, మూడు ఫలితాలు బట్టీ పట్టిస్తే మార్కులు వాటంతట అవే వస్తాయని మా నమ్మకం. మొన్న బస్సుల పాఠం నడుస్తుంటే రజిత లేచింది. ములకలపల్లి అవతల అడవి అంచున కోయ గూడెం పిల్ల, వారమంతా ఖమ్మంలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. "మేడం, ఏడాది మీద ఊరు ఊరంత బస్సెక్కకుండ ఎట్ల ఉన్నరు? నడుమ ఒకలన్న మెత్తబడి ఎక్కలేదా?" అంది. నాయకులు గొప్పవాళ్ళనీ, కార్లున్నవాళ్ళు నలుగురిని ఎక్కించుకుని తిప్పారనీ ఏదో చెప్పాను కానీ, ఆ జవాబు నాకే నచ్చలేదు. క్లాసయ్యాక దగ్గరికొచ్చి, "ఆదివారం మా ఊర్ల మామిడి కొత్తల పండుగ. రాండ్రి మేడం, మీకొకటి చూపిస్త" అంది. ఏం చూపిస్తావే అంటే నవ్వి వెళ్ళిపోయింది. నాకసలే కుతూహలం పాలు ఎక్కువ. చెప్పకుండా ఊరించినవాళ్ళ వెంట ఎంత దూరమైనా పోతాను.

ఆదివారం ఆరున్నరకు ఖమ్మం బస్టాండులో భద్రాచలం ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆడవాళ్ళకు ఆధార్ చూపిస్తే జీరో టికెట్, కాబట్టి సీటు దొరకడమే కష్టం. మిర్చి సీజన్ కావడంతో ఊరు దాటేదాకా బస్తాల లారీలు, బస్సులో అందరికీ తుమ్ములు. అంతర్యుద్ధంతో అమెరికా పత్తి ఆగిపోతే తెల్లదొరలు మన దేశపు పత్తి మీద పడ్డారని ఏటా పాఠం చెబుతాను. మనం ఇంత గర్వంగా తినే మిరపకాయ కూడా ఆ ఖండం నుంచి వచ్చిందే. పక్కసీటావిడతో ఆ మాటంటే, "ఏంది, మన మిర్చి మనది కాదా?" అని నా వైపు అనుమానంగా చూసింది. కొత్తగూడెం మీదుగా పాల్వంచ చేరేసరికి తొమ్మిదైంది. అక్కడ దిగి ములకలపల్లి బస్సు పట్టుకుంటే ముప్పావుగంట ప్రయాణం.

రజిత పదకొండింటికి ములకలపల్లి సెంటర్‌కు వచ్చి నన్ను తీసుకెళ్తానంది. నేను గంట ముందే దిగాను. ఇడ్లీ తిని, టీ తాగి, ఫోన్ చేస్తే దాని ఫోన్‌కు సిగ్నల్ లేదు. ఎదురుగా ఖాళీ ఆటో. గూడెం పేరు చెప్పగానే డ్రైవరు ఎగిరి గంతేసినంత పనిచేశాడు. ముప్పై రూపాయలన్నాడు, ఒక్కదాన్నే అయినా వెంటనే బయల్దేరాడు. షేర్ ఆటోల సంగతి తెలిసినవాళ్ళకు ఇది వింతగా తోచాలి. నాకు తోచలేదు. పేరు సైదులు అని చెప్పాడు. దారంతా టేకు చెట్లు ఆకులు రాల్చి మోడుగా ఉన్నాయి, మధ్యమధ్య ఇప్పపూల వాసన. బరువులు నెత్తిన పెట్టుకుని ఎండలో నడిచిపోతున్న నలుగురైదుగురు ఆడవాళ్ళను దాటాం. "వాళ్ళను కూడా ఎక్కించుకో బాబూ" అన్నాను.

"ఎక్కరు మేడం."

"ఎందుకని?"

"గట్లనే" అని హారన్ కొట్టాడు. మలుపు తిరిగాక, "మీరు ఎవలింటికి పోతున్నరు? పెద్దమనుషులు ఎరుకేనా మీకు? పొయ్యేటప్పుడు గూడ నా బండే ఎక్కుండ్రి, ఈడ్నే ఉంట" అన్నాడు. గూడెం బయట కల్వర్టు దగ్గరే ఆపేశాడు. ఊళ్ళోకి రావా అంటే పనుందన్నాడు, కానీ ఇంజను ఆపి అక్కడే కూర్చున్నాడు.

గూడెంలో చింతచెట్ల కింద పొయ్యిలు వెలుగుతున్నాయి, కోడికూర వాసన వస్తోంది. కొత్తలంటే ఏమిటో నాకు అప్పటికి కొంత తెలుసు. చెట్టు నిండా కాయలున్నా సరే, గూడెమంతా కలిసి దేవరకు పెట్టేదాకా ఎవరూ మామిడికాయ నోట పెట్టరు. ఆ రోజు దేవర దగ్గర కోసిన ముక్కలు ఆకు దొప్పల్లో అందరికీ పంచుతున్నారు. చంటిపిల్లలక్కూడా నాలుకకు రాస్తున్నారు. నా ముందుకొచ్చిన దొప్ప మాత్రం ఆగింది. పంచుతున్న పెద్దమనిషి, "అమ్మా, నువ్వు సైదులు ఆటోల వచ్చినవా?" అని అడిగాడు. అవునన్నాను. దొప్ప వెనక్కి పోయింది. చుట్టూ వాళ్ళ భాషలో గుసగుసలు మొదలయ్యాయి. ఒక్క ముక్క అర్థంకాకపోయినా, అన్నీ నా గురించేనని తెలుస్తోంది. నిజం చెప్పొద్దూ, ఏడుపొచ్చినంత పనైంది.

అంతలో రజిత పరుగెత్తుకొచ్చింది. నా కోసం సెంటర్‌కు బయల్దేరి, దారిలో నన్ను ఆ ఆటోలో చూసి వెనక్కి తిరిగిందట. "అయ్యో మేడం, మీకు చూపిస్తనన్నది గదే!" అని తల పట్టుకుంది. అప్పుడు విషయం చెప్పింది. ఆ దారిన తిరిగేది ఆ ఒక్క ఆటోనే. ఇప్పపూలు రాలడం మొదలుకాకముందు, రజిత నాయనమ్మ జ్వరంతో దవాఖానాకు పోతుంటే, దారిలో పెళ్ళివాళ్ళు ఎదురై బండి మొత్తానికి కిరాయి ఇస్తామన్నారు. సైదులు ముసలామెను అడవి మధ్యలో దించి, మళ్ళీ వస్తానని పోయి రాలేదు. ఆమె ఎండలో నడిచి ఇంటికొచ్చి గడపలో పడిపోయింది. గూడెం కూర్చుని మాట అనుకుంది. వాడొచ్చి అవ్వతో అందరి ముందు తప్పయిందనేదాకా ఆ బండి ఎవరూ ఎక్కకూడదు. అప్పటినుంచి బియ్యం మూటైనా, జబ్బైనా, రోడ్డుదాకా నడకే. అమెరికాలో బస్సు బహిష్కరణ గురించి కనుక్కుందామని వచ్చిన చరిత్ర మేడం, తీరా వీళ్ళ బహిష్కరణను దర్జాగా సీట్లో కూర్చుని భంగం చేసి వచ్చిందన్నమాట.

నన్ను గట్టెక్కించింది ఆ నాయనమ్మే. మంచంలోంచి చెయ్యెత్తి, "తెల్వక ఎక్కింది. పొయ్యేటప్పుడు నడుస్తదా అడుగుండ్రి" అంది. నడుస్తానన్నాను. దొప్ప తిరిగొచ్చింది. ఉప్పూ కారం అద్దిన ఆ పుల్లటి ముక్క తింటుంటే నాకెంత సంతోషమైందో చెప్పలేను. ఆమె పక్కనే కూర్చుని, ఇన్ని రోజులు ఒక్కరు కూడా ఎక్కకుండా ఎలా ఉన్నారని అడిగాను.

"మామిడికాయ కండ్లముందట్నే ఏలాడ్తది బిడ్డా. కొత్తలు గాందే పసిపోరలు గూడ ముట్టరు. ఏడాదికోపారి గట్ల ఆగుడు మాకలవాటే. ఆటో ఎంత?"

నేను అమెరికా బస్సు కథ చెప్పాను. తెల్లవాళ్ళకు సీటు వదలనన్న నల్లజాతి ఆడమనిషి, పోలీసులను పిలిచిన బస్సు డ్రైవరు, ఆమెను పట్టుకుపోయిన పోలీసులు, బస్సులు మానేసి నడిచిన జనం, చివరికి కోర్టు తీర్పు. ఆమె కళ్ళు మూసుకుని విని, "ఆ డ్రైవరు తర్వాత వచ్చిండా ఆమె కాడికి?" అంది. నాకు తెలిసినంతవరకు రాలేదన్నాను. "మరి అయిపోయినట్టెట్ల?" అంది. ఆ కోణంలో నేనెప్పుడూ ఆలోచించలేదు. తీర్పు వస్తే పాఠం అయిపోయినట్టే నాకు.

నాలుగింటికి బయల్దేరాం. రజిత తోడొచ్చింది. కల్వర్టు దగ్గర సైదులు అన్న మాట ప్రకారం అక్కడే ఉన్నాడు. "ఎక్కుండ్రి మేడం, రోడ్డు మూడు కిలోమీటర్లు."

"ఎక్కను సైదులూ. మామిడికాయ తిన్నాను."

అతని ముఖం మాడిపోయింది. "ఇట్లయితే బండి అమ్ముకునుడే మేడం. అవ్వకొక్కదానికైతే ఎప్పుడో చెప్పెటోణ్ణి. పండ్లు గూడ పంపిన, మర్లగొట్టిండ్రు. అందరి ముందట అనమంటరు. ముఖం చెల్లుతలేదు."

"ఇవాళ ఊరంతా ఒక్కచోటే ఉంది. కడుపులు నిండి మనసులు కూడా చల్లగా ఉన్నాయి. ఇంతకన్నా ముహూర్తం ఎక్కడ దొరుకుతుంది?" అన్నాను. అతను ఆటో హ్యాండిల్ మీది దుమ్ము తుడవసాగాడు. మేం నడక సాగించాం. కొంతదూరం పోయాక వెనక్కి చూస్తే ఆటో ఖాళీగా ఉంది. సైదులు తలవంచుకుని గూడెంలోకి నడిచిపోతున్నాడు.

మేం రోడ్డెక్కి బస్సు కోసం చూస్తుంటే ఆటో వచ్చి ఆగింది. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చేతిలో ఆకు దొప్ప ఉంది. "అవ్వ పెట్టింది" అన్నాడు. నా మోకాళ్ళు అప్పటికే మొరాయిస్తున్నాయి. హమ్మయ్య అని ఎక్కబోతే సైదులే చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇయ్యాల వద్దు మేడం. రేపు పొద్దుగాల అవ్వ మొదలు ఎక్కుతదంట. దవాఖానాకు. గప్పటిదాంక ఎవ్వలు ఎక్కొద్దన్నరు. నేను జల్దీ పోవాలె, బండి కడుక్కోవాలె." రజిత ముఖం తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది. నేను తిప్పుకోకుండానే తుడుచుకున్నాను.

తీర్పు వచ్చాక అమెరికాలో ఆ జనం మళ్ళీ బస్సెక్కిన తొలి ఉదయం గురించి నేను క్లాసులో ఒక్కసారీ చెప్పలేదు. మెట్టు మీద మొదట కాలు పెట్టినవాళ్ళకు గుండె ఎలా కొట్టుకుందో, స్టీరింగు ముందున్నవాడు వాళ్ళ వైపు చూశాడో లేదో. పరీక్షలో అడగరు, సిలబస్‌లో లేదు. అయినా ఈసారి ఒక పీరియడ్ మొత్తం దానికే పెడతాను. ఇక ఆ వైపు వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. ములకలపల్లి సెంటర్‌లో మీ కోసమే అన్నట్టు ఆటో ఖాళీగా కనబడితే, సంతోషపడి ఎక్కేయకండి. ముందు టీకొట్టులో, ఆ ఊరివాళ్ళు ఎందులో పోతున్నారో అడగండి. నడిచిపోతున్నారంటే, మీరూ నడవండి.