సాలుకో కుప్ప

మిరపచేలో కలుపు మొక్కల మీద ప్రాజెక్టు అనగానే మా ఇంట్లో వారం రోజులు నవ్వారు. "పీకి పారేసేదానికి చదువెందుకే?" అంది అమ్మ. నేను పట్టిన పట్టు విడిచే రకాన్ని కాదు. బోటనీ డిగ్రీ చివరి ఏడాది. వినుకొండ రోడ్డులో నాన్న స్నేహితుడి చేను అడిగి పెట్టుకున్నాను. ఒక పక్క కాలువ, రెండో పక్క మెరక. తడి తగ్గేకొద్దీ ఏ మొక్క ఎక్కడ ఆగిపోతుందో, ఏది ఎక్కడ మొదలవుతుందో తేల్చాలి. అక్కడక్కడా మీటరు చదరంగా పుల్లలు పాతి తాడు కట్టాను. చివరి లెక్క అయ్యేదాకా కలుపు తీయించవద్దని బతిమాలితే, పాపం ఆయన ఇరవై రోజులు ఓపిక పట్టాడు.

మా సారుకు ఇంట్లో కూర్చుని అంకెలు రాసే పిల్లలంటే ఒళ్ళుమంట. "ఆఖరి లెక్క నా కళ్ళతో చూడాలి, లేకపోతే ప్రాజెక్టు తీసుకోను" అన్నాడు. అంటే ఏడాది పోయినట్టే.

సారు వచ్చే రోజు పొద్దున్నే వెళ్ళేసరికి చేను అద్దంలా ఉంది. గరికపోచ లేదు, నా పుల్లలూ లేవు. గట్టు మీద ఇస్త్రీ చొక్కాతో ఆ నాన్న స్నేహితుడే, నేను బాబాయ్ అని పిలిచే ఆయన.

"చూడమ్మాయ్, ఎట్టా ఉందో! మీ సారొస్తారంటివి గదా. చేలో కలుపు చూస్తే నా పరువేం గాను? నిన్న కూలీల ముఠాని పెట్టి మొత్తం పీకించా."

నాకు కోపమొస్తే పెద్దా చిన్నా కనపడరు. "నా ఏడాది మట్టిపాలు చేశారు!" అని ఊరంతా వినపడేలా అరిచాను. ఆయన మొహం మాడిపోయింది. నేను గట్టు మీద కూలబడి ఏడ్చాను.

ఇవాళ పక్క పత్తిచేలో పనిలో ఉన్న ఆ ముఠా మేస్త్రమ్మ నడుం ఎత్తి చూసింది. "ఏందమ్మా ఆ ఏడుపు? కలుపు యాడికి పోయింది? సాలుకో కుప్ప, ఆ సాలు మొనకే ఏశాం గదా."

నిజమే. ఎవరు శుభ్రంగా తీశారో, ఎవరు వదిలేశారో ఆవిడ కుప్పను చూసి పట్టేస్తుంది. అందుకే ఒక సాలు కలుపు ఇంకో సాలులో కలపనివ్వదు. కాలువ నుంచి మెరక దాకా ముప్పై ఆరు కుప్పలు, వరసగా, వేళ్ళతో సహా! నేను కట్టిన తాళ్ళలో దొరికేది పిడికెడు. ఇక్కడ చేనంతా ఉంది.

ముఠా అంతా గట్టెక్కి నాతో కూర్చుంది. వాళ్ళు విడదీస్తుంటే నేను లెక్క రాసుకున్నాను. "తుంగ పద్నాలుగో సాలు దాటదు, చూసుకో" అంది మేస్త్రమ్మ ముందే. పదిహేనో కుప్పలో ఒక్క తుంగ గడ్డ లేదు. అక్కడి నుంచి గునుగే గునుగు.

సారు వచ్చాక జరిగింది దాచకుండా చెప్పాను. ఆయన తొమ్మిదో కుప్ప ముందు గొంతుక్కూర్చుని, తనే మొదటి నుంచి లెక్కపెట్టాడు. నా అంకెతో సరిపోయింది. ఇంకో కుప్ప లెక్కపెట్టాడు. అదీ సరిపోయింది.

"ఇన్నేళ్ళలో ఇంత మంచి లెక్క ఏ విద్యార్థీ తేలేదమ్మా" అన్నాడు, మట్టి చేతులు దులుపుకుంటూ.

నేను కేకేశాను. ముఠా అంతా ఈలలు, చప్పట్లు. అప్పటిదాకా దూరంగా నిలబడ్డ బాబాయి నెమ్మదిగా దగ్గరికొచ్చాడు.

"అయితే నేను పీకించడమే మంచిదయింది గదా?"

పొద్దున అరిచిన నోటితోనే, రెండు చేతులూ జోడించి, "అవును బాబాయ్" అన్నాను.