గోరంత జెండా

బొమ్మల చేతికి జెండాలు పెట్టడం చూసేవాళ్ళకి ఆటలా ఉంటుంది. నాకు మాత్రం ప్రతిసారీ గుండె దడే. అమలాపురంలో ఇంటి దగ్గరే కేకులు చేసి ఇస్తుంటాను. కేకు కాస్త పగిలినా క్రీము పూసి కప్పెట్టొచ్చు. జెండా మీద రాసిన మాటని కప్పెట్టే క్రీము లేదు.

బొమ్మలు ప్లాస్టిక్‌వి, బొటనవేలంత ఉంటాయి. పిడికిట్లో కన్నం ఉండదు. సూదిని కొవ్వొత్తి మీద కాల్చి నేనే పొడవాలి. ఒక్క క్షణం ఎక్కువ కాలిందా, చెయ్యే కరిగిపోతుంది. ఆ కన్నంలో సగానికి విరిచిన టూత్‌పిక్, దానికి గోరంత కాగితం జెండా. వానాకాలం మా కోనసీమ గాలికి కాగితం మెత్తబడి వాలిపోతుంది కాబట్టి వెనకవైపు కొవ్వొత్తి రుద్దుతాను.

రెండేళ్ళ క్రితం శ్రావణమాసంలో కాలవ అవతల ఉండే టీచరుగారు ఫోన్ చేశారు. మా అమ్మాయికి లెక్కలు చెప్పినావిడ. వాళ్ళాయనకి గుండె ఆపరేషన్ జరిగింది. నెల్లాళ్ళు ఆసుపత్రిలో ఉండి ఇంటికొచ్చారు. ఆదివారం సాయంత్రం ఆరింటికి కృతజ్ఞత కూడిక పెట్టుకున్నామని, పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేస్తారని, దానికి కేకు కావాలని అన్నారు. ఇంట్లో ఐదుగురు కాబట్టి ఐదు బొమ్మలు, ఒక్కో బొమ్మ చేతిలో ఒక్కో మంచి మాట. మూడు మాటలు ఆవిడే చెప్పారు. కృతజ్ఞత, సంతోషం, సమాధానం. సమాధానమేమిటండీ, ప్రశ్న ఎవరడిగారని నవ్వాను. ఆవిడా నవ్వి, మాలో సమాధానం అంటే మనశ్శాంతి అని చెప్పారు. ఒకే మాటకి ఒక్కో ఇంట్లో ఒక్కో అర్థం ఉంటుందని అప్పుడైనా నాకు వెలగాల్సింది. మిగతా రెండూ మీ ఇష్టం, మీకు తెలియనిదేముంది అనేసి ఫోన్ పెట్టేశారు.

కృతజ్ఞత రాయడానికే మూడు జెండాలు పాడయ్యాయి. ఆ ఋత్వం, ఆ జ్ఞ, గోరంత కాగితంలో ఎక్కడ పడతాయి? నాలుగోది ఆరోగ్యం అనుకున్నాను. ఐదోదానికైనా ఒత్తులు లేని మాట దొరక్కపోతుందా అని వెతుక్కుంటే ఆదరణ తట్టింది. కింద ఒత్తు లేదు, పైన గుడి లేదు, నాలుగు గుండ్రటి అక్షరాలు. అర్థమూ బాగుంది. నెల్లాళ్ళు మంచం పక్కనే కూర్చుని ఆయన్ని చూసుకున్న మనిషి కదా అని ఆ జెండా టీచరుగారి బొమ్మ చేతికే పెట్టాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

మూడింటికి కేకు ఆటోలో పంపేశాను. నాలుగింటికి పాలావిడ వచ్చింది. ఆవిడా చర్చికి వెళ్ళే మనిషే. సిరా అలుక్కుపోతుందేమోనన్న భయంతో ప్రతి మాటా రెండేసి జెండాల మీద రాస్తాను. మిగిలినవి బల్ల మీదే ఉన్నాయి. పాలు కొలుస్తున్నదల్లా వాటిని చూసి ఆగిపోయింది.

"ఎవరు పోయేరండీ?"

ఎవరూ పోలేదు, అదేం ప్రశ్న అన్నాను.

"ఆదరణ అని రాసేరు కదండీ. మాలో మనిషి పోయేక పెడతారండి ఆదరణ కూడిక. మిగిలినోళ్ళని ఓదార్చడానికి."

టీచరుగారికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. మా ఆయన బండి వేసుకుని రాజోలు వెళ్ళారు. పాలగిన్నె మీద మూతైనా పెట్టకుండా వీధిలోకి పరిగెత్తాను.

ఆటో నిండితేగాని కదలనన్నాడు డ్రైవరు. బతిమాలితే కదిలాడుగానీ, వంతెన మీద కొబ్బరికాయల లారీ అడ్డంగా ఆగిపోయి ఉంది. దిగి నడిచాను. జరగబోయేది ఊహించుకుని భయపడ్డంలో నన్ను మించినవాళ్ళు లేరు. గుండె కోసి కుట్టిన మనిషి, తన పక్కన నిలబడ్డ భార్య బొమ్మ చేతిలో ఆ మాట చూస్తే? పాస్టరుగారు ఐదు జెండాలూ అందరికీ వినపడేలా చదివితే? ఎవరూ చూడకముందే లాగేస్తే చాలు, ఇంకేమీ అక్కర్లేదు అనుకుంటూ నడిచాను.

వాళ్ళింటి ముందు షామియానా, వరసగా కుర్చీలు. పెళ్ళికైనా చావుకైనా అవే కుర్చీలు కదా. ఆయన మాత్రం అరుగు మీదే కూర్చుని ఉన్నారు, బాగా చిక్కిపోయి, చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని. నన్ను చూసి, కేకు బాగుందని, తన బొమ్మకి జుట్టు కాస్త ఎక్కువిచ్చానని అన్నారు. అంటే చూసేశారన్నమాట.

లోపల బల్ల మీద దోమతెర మూత కింద కేకు ఉంది. జెండాలు నాలుగే. టీచరుగారి బొమ్మ పిడికిట్లో నేను పొడిచిన కన్నం ఖాళీగా కనిపిస్తోంది.

ఆవిడ నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళారు. తెలియక రాశానని, మంచి మాటే అనుకున్నానని, ఒత్తులు లేవని ఎంచుకున్నానని ఏదేదో వాగాను. ఆవిడ గుప్పిట విప్పారు. జెండా అందులోనే ఉంది, చెమటకి నలిగిపోయి.

"పెట్టె తెరవగానే చూసేనండి. ఆయన చూడకముందే తీసేసేను. ఈ నెల్లాళ్ళూ ఈ మాట మా ఇంటికి రాకూడదనే ప్రార్థన చేసుకున్నానండి."

క్షమించమనబోయాను. వద్దన్నట్టు చెయ్యి ఊపారు.

"మీరు మీ అర్థంలో రాసేరని తెలుసండి. అందుకే పారెయ్యలేకపోయేను. వచ్చినవాళ్ళందరూ ఆయనెలా ఉన్నారనే అడిగేరు. నన్నెవరూ అడగలేదండి."

ఆ నెలలో నేనూ చాలాసార్లు ఫోన్ చేశాను. చేసినప్పుడల్లా ఆయన గురించే. బయట నుంచి ఎవరో పిలిచారు. ఆయ్, వస్తున్నానన్నారుగానీ కదల్లేదు. సిగ్గుపడుతూనే, మీరెలా ఉన్నారండీ అని అడిగాను.

ఆవిడ గోడకి ఆనుకున్నారు.

"నిద్ర పట్టట్లేదండి," అన్నారు.