నేను ఆమెన్ అనని ప్రార్థన

ఆదివారం ఆరాధన అయ్యాక టీ కప్పులు పంచుతున్న ఆంటీ నన్ను దాటుకుని వెళ్లి, మా పాప ముందు వంగి, "మంగళవారం సాయంత్రాలు మీ అమ్మ ఎటెళ్తందే?" అని అడిగింది. నేను మూడడుగుల దూరంలోనే ఉన్నాను. నన్ను అడగలేదు. ప్రమాదం వచ్చిందని నాకు ఆ క్షణంలోనే తెలిసింది.

పాపకు ఎనిమిదేళ్లు. తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు మాత్రం ఐరిష్ యాసలో ఇంగ్లీషులోనే వస్తుంది. అమ్మ ఒపెరాలో పాడుతోందనీ, చేతిలో వైన్ గ్లాసు కూడా ఉంటుందనీ గర్వంగా చెప్పేసింది.

ఐర్లండ్‌లో మేముండే ఈ వాటర్‌ఫోర్డ్‌లో మా తెలుగు క్రైస్తవ సంఘం పాతిక కుటుంబాలు. ఎక్కువమందిమి నర్సులం, ముసలివాళ్లను చూసుకునే కేరర్లం. సంఘపెద్ద అంకుల్, ఆయన భార్య ఈ ఆంటీ. అద్దె హాల్లో పాటలు నడిపించేది నేను. మా ఆయనకూ నాకూ ఒకేసారి షిఫ్టు పడితే నాలుగేళ్ల బాబు ఆంటీ ఇంట్లోనే ఉంటాడు. వాడు పుట్టినప్పుడు పదిహేను రోజులు వండి పంపింది ఆవిడే. ఈ ఊళ్లో మా పిల్లలకు బంధువులంటే వాళ్లే. ఏం పోగొట్టుకోబోతున్నానో నాకు బాగా తెలుసు.

పోయిన సెప్టెంబరులో వార్డులో మంచం సర్దుతూ ఏదో కీర్తన కూనిరాగం తీస్తుంటే, ఒక పేషెంటు విని, తమ ఊరి బృందగానంలో ఆల్టో గొంతులు, అంటే ఆడవాళ్లలో కింది స్థాయిలో పాడేవాళ్లు, తక్కువగా ఉన్నారని చెప్పింది. మంగళవారం సాయంత్రాల సాధనకు వెళ్లాను. ఆ ఏడాది వాళ్లు ఎంచుకున్నవన్నీ పందొమ్మిదో శతాబ్దపు ఒపెరాల్లోని, అంటే పాటలతోనే నడిచే నాటకాల్లోని, కోరస్‌లు: యాత్రికులవి, సైనికులవి, గ్లాసులెత్తి పాడే విందు అతిథులవి. గీతల మీద చుక్కలు పెట్టే వాళ్ల స్వరలిపి నాకు చదవడం రాదు. గుంటూరులో మిషన్ స్కూలు మాస్టారు మాకు సాల్ఫా నేర్పారు. డో, రే, మీలకు ఒక్కో ఇంగ్లీషు అక్షరం రాసుకుని, కీర్తనల్ని నాలుగు గొంతుల్లో పాడించేవారు. ఇక్కడా అదే చేశాను. రూళ్ల పుస్తకంలో ఇటాలియన్ మాటల్ని తెలుగు లిపిలో రాసుకుని, వాటి పైన సాల్ఫా రాసుకున్నాను. ఆ మాటలు కూడా మన మాటల్లాగే అచ్చులతో ముగుస్తాయి, తెలుగు లిపిలో హాయిగా ఒదిగాయి. నా పక్కన కూర్చునే డెబ్బయ్యేళ్లావిడకు కాన్వెంటులో నేర్పిందీ సాల్ఫానేనట. రెండో వారం నుంచి ఆవిడ తన కాగితాలు పక్కన పెట్టి నా పుస్తకంలోకే చూసేది.

ప్రతి స్వరంలోకీ జారుకుంటూ వెళ్లడం నా అలవాటు. బృందాన్ని నడిపించే కండక్టర్ పాట ఆపి నవ్వాడు. ఆ కాలపు గాయకులు కూడా అలాగే జారేవాళ్లట, కానీ కోరస్‌లో నలభై మంది నలభై రకాలుగా జారితే మిగిలేది బురదేనట.

ఆ ఒపెరాల్లో ఒకదాంట్లో క్షయతో చనిపోతున్న నాయిక పాడుతుంది. నేను పనిచేసేది ఊపిరితిత్తుల వార్డులో. అలాంటి ఊపిరితిత్తులతో మెట్లే ఎక్కలేరు, ఇక ఆ పై స్వరం ఎక్కడ అందుకుంటారని మొదటిరోజు నవ్వుకున్నాను. మూడో వారానికి నవ్వు పోయింది. ఆమె గొంతు పైకి వెళ్తున్నంతసేపూ కింద ఆల్టోలం ఒకే స్వరాన్ని పట్టుకుని నిలబడాలి. మేం కదిలితే ఆమె పడిపోతుందన్నాడు కండక్టర్. పన్నెండు గంటల షిఫ్టులో నేను చేసేదీ అదే పని. దానికి సంగీతం ఉంటుందని మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు.

గురువారం సాయంత్రం అంకుల్, ఆంటీ ఇంటి ప్రార్థనకని వచ్చారు. మా వాళ్లు ఎవరినైనా మందలించాలంటే ముఖం మీద అనరు. ఇంటికొచ్చి ప్రార్థనలో అంటారు. కళ్లు మూసుకుని దేవుడితో మాట్లాడే మనిషికి ఎదురు చెప్పలేం. చివర్లో ఆమెన్ అన్నామంటే ఒప్పుకున్నట్టే.

"ప్రభువా, నీ కుమార్తె గొంతు నీదే గదా తండ్రీ," అన్నారు అంకుల్. "మద్యం గ్లాసులు పట్టుకుని ఆడే లోకపు వేదికల మీంచి ఆ గొంతును వెనక్కి తీసుకురా తండ్రీ. ఈ పసిబిడ్డలు తల్లిని చూసి తొట్రిల్లకుండా కాపాడు తండ్రీ."

మా ఆయన అలవాటుకొద్దీ ఆమెన్ అన్నాడు. పాప అంది. బాబు అందరికంటే గట్టిగా అన్నాడు. నేను అనలేదు. నాకు వినపడలేదేమోనని అంకుల్ ఇంకోసారి "ఆమెన్" అన్నారు. ఊరుకున్నాను. ఆయన ఒక కన్ను తెరిచి చూశారు.

ఇంటి ప్రార్థనలో ఎవరైనా ప్రార్థించవచ్చు కదా. నేనూ కళ్లు మూసుకున్నాను.

"తండ్రీ, ఈ గొంతు నువ్వే ఇచ్చావు. ఆదివారం నీదైతే మంగళవారమూ నీదే. ఆ గ్లాసులో ఉండేది నల్లద్రాక్ష రసమని నీకు తెలుసు, అడిగుంటే అంకుల్‌కీ తెలిసేది. శనివారం కచేరీలో నా స్వరం కదలకుండా చూడు. అంకుల్‌కీ ఆంటీకీ తీసిపెట్టిన రెండు టికెట్లు ఫ్రిజ్ మీదున్నాయి. వాళ్లకు తీరిక ఇవ్వు."

ఎవరూ ఆమెన్ అనలేదు.

ఆంటీ గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ, "ఈ ఆదివారం పాటలు వేరేవాళ్లు చూసుకుంటార్లే. సోమవారం బాబుని తీసుకురామాక, నాకు కుదరదు," అంది. టికెట్లు ఫ్రిజ్ మీదే ఉన్నాయి.

వాళ్లు వెళ్లాక మా ఆయన ఆ గ్లాసొక్కటి వదిలేస్తే సరిపోతుందేమో అన్నాడు. ఇవాళ గ్లాసు వదిలితే రేపు పాట వదలమంటారు, ఎల్లుండి ఏం వదలమంటారో నువ్వే చెప్పు అన్నాను. సోమవారం షిఫ్టు మార్చుకోమని వార్డులో మలయాళీ అమ్మాయికి మెసేజ్ పెట్టాను. ఒక సోమవారం గడుస్తుంది. తర్వాతి సోమవారాల సంగతి తెలియదు. భయం లేదని రాస్తే అబద్ధమవుతుంది.

మర్నాడు పొద్దున కార్న్‌ఫ్లేక్స్ తింటూ పాప అడిగింది, "ఆర్ వీ ఇన్ ట్రబుల్, మామీ?"

"చిక్కుల్లో పడింది నేను, మీరు కాదు," అన్నాను. "ఆంటీ కనపడితే ఎప్పట్లాగే వందనాలు చెప్పండి. రేపు నేను పాడతాను, మీరిద్దరూ వచ్చి వింటారు. ఎల్లుండి సంఘానికెళ్లి ముందు వరుసలో కూర్చుంటాం. మైకు ఇవ్వకపోతే మైకు లేకుండానే పాడతాను."