వెన్నచెయ్యి కొన్న మొదటి లారీ

మా వీధి చివర మేడమెట్ల పక్క వాటాలో ఉండే లారీ డ్రైవరుకి తోటి డ్రైవర్లు పెట్టిన పేరు వెన్నచెయ్యి. ఎంత మొండి బండయినా అతని చేతిలో పడితే బుద్ధి తెచ్చుకుంటుందని ఆ పేరు. అతని భార్య ఇంట్లోనే బట్టలు కుడుతుంది. వాళ్ళింట్లో కొత్త కబురేదో ఉందని వాసన తగిలితే చాలు, నేను మీటరు గుడ్డ చంకలో పెట్టుకుని వెళ్ళి దిండు గలీబు కుట్టమంటాను. ఊరికే వెళ్తే ఆరా తీయడానికి వచ్చిందంటారు కదా. అందుకే మా ఇంట్లో తలల కంటే గలీబులు ఎక్కువ.

అలా ఒక గలీబు పుణ్యమా అని తెలిసింది, వెన్నచెయ్యి సొంత లారీ కొనబోతున్నాడని. పెద్ద ట్రైలరు లాగే ముందు బండి. పెళ్ళయినప్పటి నుంచి ఇద్దరూ దాచుకున్నదంతా దాని మీదే పెడుతున్నారు. పని మానేస్తానని చెప్పినప్పుడు అతని యజమాని తిట్టలేదు, కొట్టలేదు. ఇన్నేళ్ళూ అతను నడిపిన పాత బండి తాళం తీసి గోడ మేకుకి తగిలించి, నవ్వుతూ ఒక్క మాటన్నాడట.

"ఇది ఇక్కడే ఉంటుంది. నీ బండి మూలపడ్డాక వచ్చి తీసుకో."

ఆ మేకు గోడకి కాదు, వెన్నచెయ్యి గుండెకి దిగింది. మంచి బండి దొరకకపోతే మళ్ళీ వెళ్ళి ఆ తాళం కోసం చెయ్యి చాచాలి. ఆ మాట తలుచుకుంటే అన్నం సహించడం లేదని భార్య చెప్పింది.

పాత లారీలు అమ్మే యార్డులో మూడు బళ్ళు చూశాడు. ఒకటి నీలం, ఒకటి ఎరుపు, ఒకటి బూడిద రంగు. మెకానిక్కుని తీసుకెళ్తే అతను కిందికి దూరి చూసి, ఇంజన్లు మూడూ ఫరవాలేదు, నడకలో తేడా మాత్రం నడిపేవాడే చెప్పాలి అని చేతులు తుడుచుకున్నాడు. నడిపేవాడు నడిపాడు. ఇంటికొచ్చి మూడూ బాగున్నాయన్నాడు. మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ మూడూ బాగున్నాయన్నాడు.

"ఇదేం చోద్యం పిన్నిగారూ," అంది భార్య, మిషను ఆపి. "వంకాయలు కొనడానికి పంపిస్తే ఒక్కోటీ తిప్పి తిప్పి పుచ్చు పట్టేస్తాడు. లారీల్లో ఒక్క వంక కూడా దొరకదా ఈయనకి?"

"ఎరుపుది తీసేసుకుందామనుకుంటున్నా," అన్నాడు వెన్నచెయ్యి గుమ్మంలో కూర్చుని. "రంగు అద్దంలా ఉంది. సీటు మెత్తగా ఉంది. వెనక పడుకోవడానికి పరుపుంది, పైన ఫ్యానుంది."

"లారీ కొంటున్నావా, లాడ్జి కొంటున్నావా?" అన్నాను.

అక్కడితో ఆగొచ్చు. కానీ మూడు బళ్ళూ ఒక్కలాగే ఎలా ఉంటాయన్న అనుమానం నన్ను వదల్లేదు. మర్నాడు వాళ్ళు బయల్దేరుతుంటే నేనూ చెప్పులేసుకున్నాను. పిలిచారా అంటే పిలవలేదు. వద్దన్నారా అంటే ఆ వ్యవధి నేనివ్వలేదు.

యార్డు అమ్మకందారు నన్ను చూసి, "ఈ పెద్దమ్మ ఎవరు?" అన్నాడు.

"బండిలో బరువు కోసం తెచ్చుకున్నారు," అన్నాను. ఎరుపు లారీ మెట్టు పట్టుకుని, వెనక నుంచి వెన్నచెయ్యి భార్య తోస్తే, మొత్తానికి పైకెక్కి అతని పక్కన కూర్చున్నాను. యార్డు వెనక ఖాళీ రోడ్డుంది. బండి కదిలింది. నిజంగానే వెన్న. నాకు చూడటానికి ఇంకేమీ లేక అతని చేతుల్ని చూస్తూ కూర్చున్నాను.

"అబ్బాయ్, రోడ్డు తిన్నగానే ఉందిగా?"

"తిన్నగానే ఉంది పిన్నీ."

"మరి నీ కుడిచెయ్యి అలా కిందికి లాగి పట్టుకున్నావేం?"

"నేనా? లాగలేదే."

"బొటనవేలు తెల్లబడిందయ్యా. నొప్పి కూడా తెలీడం లేదా?"

అతను చెయ్యి వైపు ఎవరిదో చూస్తున్నట్టు చూశాడు. తర్వాత పట్టు వదిలాడు. అంతే, లారీ ఎడమకి తిరిగి రోడ్డు పక్క టైర్ల గుట్ట మీదికి పోబోయింది. బ్రేకు వేశాడు. నేను ముందుకి పడి, అద్దానికి ముక్కు అచ్చు వేసి వెనక్కి వచ్చాను. ముక్కు పోయినా ఫరవాలేదు, సంగతి తెలిసింది.

ఇన్నేళ్ళూ యజమాని ఇచ్చిన డొక్కు బళ్ళు నడిపి నడిపి, బండిలో ఏ లోపం ఉంటే దాన్ని అతని చేతులూ కాళ్ళూ వాటంతట అవే సర్దేస్తున్నాయి. బండి ఎడమకి లాగితే కుడికి పట్టి ఉంచుతాడు. క్లచ్చి జారితే పాపాయిని దించినట్టు కాలు దించుతాడు. చేస్తున్నట్టు అతనికే తెలియదు. మరి అతని కింద ఏ బండి బాగుండదు?

వెన్నచెయ్యి దిగి ఆ టైర్ల మీదే కూర్చున్నాడు. "నా చేతులే నాకు అబద్ధం చెప్తుంటే ఇంక నేనేం కొంటాను," అన్నాడు. "ఆ తాళమే నయం. వెళ్ళి తీసుకుంటా."

భార్య ఆ ఎరుపు లారీని ఒకసారి, మొగుడి చేతుల్ని ఒకసారి చూసింది. తర్వాత ఫోను తీసింది.

"ఒరేయ్ తమ్ముడూ, ఉన్నపళంగా యార్డుకి రా. నీతో పనుంది."

వెన్నచెయ్యి ఉలిక్కిపడ్డాడు. "వాడా? వద్దే. వాడు తొక్కితే సైకిలు కూడా గేరు పడని లారీలా ఎగిరెగిరి పడుతుంది."

"అందుకేనండీ పిలిచింది."

బావమరిదికి పెద్ద బళ్ళ లైసెన్సు కొత్తగా చేతికొచ్చింది. ఎవరూ బండి ఇవ్వక ఆ కార్డుని జేబులో ఊరేగిస్తున్నాడు. వాడొచ్చి కళ్ళద్దాలు పెట్టుకుని, "బావా, ఇప్పటికి తెలిసిందా నా విలువ?" అన్నాడు.

"తెలిసింది. ఎక్కు," అంది అక్క. "నీకు ఎలా వస్తే అలా నడుపు."

"జాగ్రత్తగానా?"

"అస్సలు వద్దు."

ఎరుపు లారీని వాడు పట్టగానే అది ఎడమకి, వాడు కుడికి, రోడ్డు మధ్యలో పోట్లాడుకుంటూ వెళ్ళారు. నీలం లారీ గేరు మార్చినప్పుడల్లా అరిచిన అరుపుకి యార్డులో కాకులన్నీ లేచాయి. మూడోసారి మార్చేసరికి నట్టనడి రోడ్డులో నిలబడి, మళ్ళీ కదలనంది.

"ఇలా తోలితే ఏ బండయినా ఏడుస్తుందమ్మా," అన్నాడు అమ్మకందారు, చెమట తుడుచుకుంటూ.

"చూద్దాం, మూడోదేం చేస్తుందో," అన్నాను.

బూడిద రంగుది చూడటానికి ఏ మాత్రం బాగోలేదు. రంగు వెలిసింది, సీటు చిరిగి పీచు బయటికొచ్చింది. బావమరిది దాని గేర్లతో గొడవపడి, దాన్ని గుంతలో దించి, ఎత్తు ఎక్కించి, అవసరం లేని చోట బ్రేకు తొక్కాడు. అది నోరెత్తకుండా తిన్నగా వెళ్ళి తిన్నగా వచ్చి, ఆపిన చోట ఆగింది. ఇంతసేపూ టైర్ల మీద కూర్చున్న వెన్నచెయ్యి లేచి నిలబడ్డాడు.

"ఒరేయ్ బామ్మర్దీ, ఒకసారి స్టీరింగు వదిలెయ్."

"అది నాకు రోజూ అలవాటే బావా," అని వాడు రెండు చేతులూ ఎత్తేశాడు. బండి పక్కకి తొంగి కూడా చూడలేదు.

"ఇదే," అన్నాడు వెన్నచెయ్యి. ఈసారి ఆ మాట తనదే.

చిరిగిన సీటుకి తొడుగు కుట్టాలంటే గుడ్డ కావాలి. మా ఇంట్లో గలీబులన్నీ మూటగట్టి తెచ్చి భార్య ముందు పెట్టాను. పువ్వులవీ, గళ్ళవీ, చారలవీ అన్నీ కలిపి కుట్టేసింది. ఇప్పుడా సీటు చూసినవాళ్ళు నవ్వుతారు, కూర్చున్నవాళ్ళు లేవరు.

మొదటి రోజే మరో తమాషా జరిగింది. యార్డులో కాసేపు తిప్పినప్పుడు బయటపడలేదు గానీ, వెన్నచెయ్యి గంటల తరబడి నడుపుతుంటే ఆ మంచి బండి కుడికి పోతోంది. చెయ్యి అలవాటు మానలేదు మరి. భార్య పక్కనే కూర్చుని, కుట్టు కొలిచే స్కేలుతో వేళ్ళ మీద చిన్నగా తడుతూ వెళ్ళింది. వారం తిరిగేసరికి చేతికి నమ్మకం కుదిరింది, బండి తిన్నగా నడిచింది.

ఆ యజమాని సంగతి అడుగుతారేమో. ఆయన భార్య కూడా ఇక్కడే బట్టలు కుట్టించుకుంటుంది. ఆవిడ వచ్చిన రోజున నేను యథాలాపంగా, కొత్త గలీబు గుడ్డతో, అక్కడే ఉన్నాను. పాత బండి ఎక్కిన కొత్త డ్రైవరు గేటు దాటకుండానే ఎడమకి పోయి వాళ్ళ పూలకుండీలన్నీ తొక్కించాడట. ఇంకొకడు క్లచ్చి తొక్కి చూసి దండం పెట్టి దిగిపోయాడట. ఇప్పుడు దాన్ని ముట్టుకునేవాడు లేడు.

తాళం ఇక్కడే ఉంటుందని ఆయన అన్నాడు కదా. మాట మీద నిలబడ్డాడు. ఇంకా ఆ మేకుకే వేలాడుతోంది.