ఏడో మేకు

దయ్యాల కబుర్లు మొదలైతే నవ్వి లేచిపోయే రకం నేను. ఇప్పుడు రాసేది దయ్యం సంగతని కూడా అనడం లేదు. కళ్ళతో చూసి, చేత్తో కొలిచింది చెబుతున్నాను.

యుద్ధం జరుగుతున్న రోజులు. పూతలపట్టుకు అవతల ఒక గుట్టలో అభ్రకం ఉందని, సొరంగం తవ్వాలని ఒక కంపెనీ వచ్చింది. తవ్వేముందు అక్కడ గట్టు నిలబడుతుందో లేదో చూడాలి. ఆ లెక్కలు రాయడానికి పాకాల నుంచి నన్ను గుమాస్తాగా పెట్టుకున్నారు.

పని చిన్నదే. సొరంగం నోరు రావలసిన చోటికి పైన, వాలుకు అడ్డంగా పది మేకులు కొట్టి ఉండేవి. రోజూ పొద్దున ఆ చివర నుంచి ఈ చివరకు దారం లాగి పట్టాలి. ఏ మేకు దారం దాటి కిందికి వస్తే అక్కడ నేల జారుతున్నట్టు. పక్కన మూడు గుంతలు. ముడులు వేసిన తాడు దించి, నీళ్ళు ఎంత పైకి వచ్చాయో చూడాలి. మార్పేమీ లేకపోతే పుస్తకంలో ‘డిటో’ అని రాయాలి.

తాడు దించేది మునెప్ప. బావులు తవ్వి బతికిన మనిషి. మట్టి పిడికిట్లోకి తీసుకుని నలిపి చూస్తే చాలు, నీళ్ళ సంగతి చెప్పేసేవాడు.

కార్తీకంలో ముసురు పట్టింది. మూడో రోజుకు ఏడో మేకు జానెడు కిందికి దిగింది. గుంతల్లో నీళ్ళు నాలుగు ముడులు ఎక్కాయి.

“గట్టు కడుపులోకి నీళ్ళు చేరినాయప్పా. ఈడ మనిషిని దించొద్దని ఆయప్పకు చెప్పు,” అన్నాడు మునెప్ప.

ఆయప్ప అంటే మా సర్వేయరు. మర్నాడు కంపెనీ దొర చూడడానికి వస్తున్నాడు. పని ఆగితే తనకు మాట వస్తుందని ఆయన భయం. పుస్తకం ఒకసారి చూసి, “డిటో రాయి,” అన్నాడు. ఉద్యోగం పోతుందని నాకు భయం. రాశాను.

ఆ మధ్యాహ్నమే గట్టు విరిగి, సర్వేయరు దించితే కింద మట్టి తీస్తున్న మునెప్ప మీద పడింది.

విచారణకు వచ్చినవాళ్ళకు సర్వేయరు నా పుస్తకమే చూపించాడు. నీళ్ళూ మేకులూ అన్నీ సరిగ్గానే ఉన్నాయని, మునెప్పే తాగొచ్చి, వద్దన్న చోట తవ్వాడని చెప్పాడు.

“మా ఆయన తాగడు. నువ్వన్నా చెప్పప్పా,” అంది మునెప్ప భార్య నాగమ్మ. నేను తల వంచుకున్నాను. ఆ రోజు నుంచి సర్వేయరు నాశనం కావాలని రోజూ కోరుకున్నాను.

మట్టి ఎత్తించి మళ్ళీ మేకులు కొట్టించారు. ఏడోది మునెప్ప కొట్టిన పాత మేకే. తల మీద ఎర్ర రంగుతో వేసిన అంకె చెదరలేదు.

మాఘం వచ్చింది. గుంతలు ఎండి తాడు పొడిగా వస్తోంది. ఒక పొద్దున ఏడో మేకు దారానికి పైన ఉంది. బెత్తెడు పైకి. జారే నేల మీద మేకు కిందికే పోతుంది. ఎవరో పెరికి పాతారనుకుని పాత కన్నం కోసం వెతికాను. కన్నం లేదు, గడ్డి కూడా కదలలేదు. చుట్టూ ముగ్గుపిండి చల్లి పెట్టాను. మర్నాడు పిండి మీద ఒక్క అడుగు లేదు. మేకు మాత్రం ఇంకా పైకి పోయింది.

బెత్తెడు జానెడైంది, జానెడు బారెడైంది. ఆ దారిలో పైన ఉన్నది సర్వేయరు గుడిసె ఒక్కటే. ఆయన మేకుల దగ్గరికి వచ్చేవాడు కాదు, నన్ను అడిగి ఊరుకునేవాడు. కొలతలు పుస్తకం వెనక పేజీల్లో రాసుకున్నాను.

పదిహేనో రోజు మేకు గుడిసె గోడకు ఆనుకుని ఉంది. సర్వేయరు అన్నానికి కూర్చుంటూ అడిగాడు.

“ఏమైనా మార్పుందా?”

“డిటో సార్,” అన్నాను.

చెబితే నమ్మడని కాదు. చెప్పబుద్ధి కాలేదు. విస్తరి ముందు కూర్చున్న ఆ మనిషిని చూస్తే నాకు సంతోషంగానే ఉంది.

నేను సగం దూరం దిగేలోపల పైగట్టు విరిగి గుడిసెను కప్పేసింది. చుక్క వాన లేని కాలం. అయినా ఆయన మీద నుంచి తీసిన మట్టి తడిసి ముద్దగా ఉంది. కిందికి వచ్చి దారం లాగి చూశాను. ఏడో మేకు తిరిగి తన పాత చోటనే, దారానికి ఆనుకుని ఉంది.

ఈసారి విచారణలో కార్తీకం నాటి సంగతి మొత్తం చెప్పేశాను. మునెప్ప మీద పడ్డ నింద పోయింది, నా ఉద్యోగమూ పోయింది. నాగమ్మ దగ్గరికి వెళ్ళి మేకు సంగతీ, నేనన్న మాటా దాచకుండా చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను.

“నువ్వు చెప్పింటే ఆయప్ప బతికుండేవాడా?” అని అడిగింది.

“బతికుండేవాడు.”

“మా ఆయన గూడా బతికుండేవాడు కదప్పా,” అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ మేకు పైకెట్లా నడిచిందో నేను ఈనాటికీ చెప్పలేను. ఆ పుస్తకం నా దగ్గరే ఉంది. అబద్ధంగా రాసిన మొదటి డిటో అందులో ఉంది. నోటితో అన్న రెండోది ఎక్కడా రాయలేదు.