రాజమల్లు ఫొటోల తాళం

మా వీధిలో బట్ట నేసే మరమగ్గాలు, అదే సాంచాలు, నడిపే రాజమల్లుకు రహస్యమంటూ ఉన్నది ఒక్కటే. కల్లు మానేశానని భార్య భూలక్ష్మిని నమ్మించి, ప్రతి ఆదివారం కల్లు దుకాణంలో సీసా పట్టుకుని ఫొటో దిగుతాడు. తాగినవాడు తాగి ఊరుకోక, ఈ ఫొటోలెందుకో నాకైతే అర్థం కాదు.

అవి ఆమె కంట పడకుండా ఫోన్‌లో ఫొటోలకు విడిగా వేలిముద్ర తాళం పెట్టబోయాడు. ముప్ఫై ఏళ్లు పోగులు ముడేసి అరిగిపోయిన వేళ్లలో ఒక్కదాన్ని కూడా ఫోన్ ఒప్పుకోలేదు. అంకెల తాళమంటే తెల్లారేసరికి మరిచిపోతాడు. రేషన్ దుకాణంలోనూ ఈ తంటా వల్లే ఇంటి తరఫున వేలు పెట్టేది భూలక్ష్మి. అలవాటు కొద్దీ ఆమెనే పిలిచాడు.

"జర నీ బొటనవేలు పెట్టు. నా ముద్ర పడ్తలేదు."

ఆమె దేనికని అడగలేదు. నూనె రాసిన తలకు వేలు రుద్దుకుని, రేషన్ దుకాణంలో లాగే గట్టిగా ఒత్తింది.

పోయిన ఆదివారం కల్లు దుకాణంలో ఆ తాళం గురించి అరగంట గొప్పలు పోయాడు. దోస్తు మల్లేశం విని విని, "అయితే మొన్న దిగిన ఫొటో చూపియ్యి" అన్నాడు.

రాజమల్లు ఫోన్‌ను మెల్లగా జేబులో పెట్టుకున్నాడు.

"దానికి మా ఇంటామె రావాలె."